కొలబద్ద వేరు, అచ్చు వేరు: వార్ధా విద్యా పథకంపై నాటి వాదోపవాదాలు

ఒక దేశంలో పుట్టిన పిల్లలందరికీ ఒకే విద్యా ప్రమాణం ఉండాలా? ఉంటే దాన్ని నిర్ణయించవలసింది ఎవరు? ప్రభుత్వమా, పండితులా, పిల్లల్ని కన్నవారా? ఈ ప్రశ్నలు కొత్తవి కావు. దేశానికి స్వాతంత్ర్యం రాకముందే, 1937 నుండి 1939 వరకు, ఇవే ప్రశ్నలపై భారతదేశంలో తీవ్రమైన వాదోపవాదాలు సాగాయి. ఆ వివాదానికి కేంద్రబిందువు వార్ధా విద్యా పథకం. ఆ పథకానికి రూపకల్పన చేసిన సంఘానికి అధ్యక్షుడు ఒక ముస్లిం విద్యావేత్త కాగా, దాన్ని గట్టిగా ఎదిరించిన వారిలోనూ ముస్లిములే ముందుండడం గమనార్హం. ఉభయ పక్షాల వాదనలనూ నిష్పాక్షికంగా పరిశీలిస్తే నేటికీ పనికివచ్చే గుణపాఠం ఒకటి లభిస్తుంది.

వార్ధా సభ

1935 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం 1937లో ఎన్నికలు జరిగాయి. ఆ ఏడాది జూలైలో మద్రాసు, బొంబాయి, సంయుక్త రాష్ట్రాలు, బీహారు, మధ్య పరగణాలు, ఒరిస్సాలలో కాంగ్రెసు మంత్రివర్గాలు ఏర్పడ్డాయి. విద్యాశాఖ మొదటిసారిగా, దాదాపు పూర్తిగా, ప్రజాప్రతినిధుల చేతికి వచ్చింది. కాని ఖజానా ఖాళీ. నిర్బంధ విద్యను అమలు చేయాలంటే డబ్బు లేదు. పైగా మద్యపాన నిషేధం అమలైతే ఆబ్కారీ ఆదాయం కూడా పోతుంది. ఈ చిక్కుముడికి పరిష్కారంగా గాంధీజీ తన 'హరిజన్' పత్రికలో ఒక ఆలోచన వెల్లడించారు. విద్యను ఒక చేతిపని చుట్టూ అల్లాలి. పిల్లలు తయారుచేసే వస్తువుల వల్ల బడి ఖర్చు వెళ్లిపోవాలి. ఇదీ ఆయన ప్రతిపాదన.

1937 అక్టోబరు 22, 23 తేదీల్లో వార్ధాలో జరిగిన విద్యా మహాసభ ఈ ప్రతిపాదనను చర్చించింది. ఆ సభకు హాజరైన వారిలో ఢిల్లీ జామియా మిల్లియా ఇస్లామియా అధిపతి డాక్టర్ జాకిర్ హుసేన్ ఒకరు. ఆయన 1897లో హైదరాబాదులో జన్మించారు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ అక్కడ న్యాయవాది. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్న జాకిర్ హుసేన్ ఇటావాలోని ఇస్లామియా పాఠశాలలోనూ, ఆ తర్వాత అలీగఢ్‌లోనూ చదివారు. 1920లో ప్రభుత్వ సహాయాన్ని నిరాకరించి జామియా స్థాపనలో పాల్గొన్నారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది 1926లో తిరిగివచ్చి, కొద్దిపాటి జీతంతో ఆ విద్యాసంస్థను నిలబెట్టారు.

వార్ధా సభలో ఆయన గాంధీజీ మాటలకు తలూపి ఊరుకోలేదు. పని ద్వారా బోధించడం విద్యాశాస్త్రానికి కొత్త కాదని, పాశ్చాత్య దేశాల్లో అటువంటి ప్రయోగాలు అదివరకే జరిగాయని చెప్పారు. బడి తన ఖర్చు తానే సంపాదించుకోవాలన్న నియమంలోని ప్రమాదాన్ని కూడా ఎత్తిచూపారు. ఉపాధ్యాయులు పిల్లలచేత చాకిరీ చేయించే యజమానులుగా మారిపోతారని, పేదపిల్లల శ్రమ దోపిడీకి గురి అవుతుందని హెచ్చరించారు. ఇంత నిర్మొహమాటంగా విమర్శించిన వ్యక్తినే పాఠ్య ప్రణాళిక తయారుచేసే సంఘానికి అధ్యక్షునిగా నియమించడం ఆ సభ విశేషం. ఆ సంఘంలో ఆర్యనాయకం, వినోబా భావే, కాకా కాలేల్కర్, కుమారప్ప, కె. టి. షా మొదలైనవారితో పాటు అలీగఢ్‌కు చెందిన ప్రసిద్ధ విద్యావేత్త ఖ్వాజా గులాం సయ్యిదైన్ కూడా సభ్యులు.

ప్రమాణం ఎలా ఉంది?

సంఘం 1937 డిసెంబరులో నివేదిక సమర్పించింది. ఏడు నుండి పద్నాలుగేళ్ల వయసు వరకు, ఏడు సంవత్సరాల పాటు, బాలబాలికలందరికీ ఉచిత నిర్బంధ విద్య ఇవ్వాలన్నది అందులోని మూలసూత్రం. బోధన మాతృభాషలో జరగాలి. వడుకు, నేత, వ్యవసాయం, వడ్రంగం వంటి చేతిపనుల్లో ఒకదాన్ని కేంద్రంగా చేసుకుని గణితం, సమాజశాస్త్రం, సామాన్య విజ్ఞానం, చిత్రలేఖనం, సంగీతం నేర్పాలి. హిందూస్తానీ అందరికీ నేర్పాలి. దేవనాగరి, ఉర్దూ లిపులు రెండింటికీ అందులో చోటు ఉండాలి. రోజుకు ఐదున్నర గంటల బడి. అందులో 3 గంటల 20 నిమిషాలు చేతిపనికి, 40 నిమిషాలు మాతృభాషకు, 30 నిమిషాలు సమాజశాస్త్ర, సామాన్య విజ్ఞానాలకు కేటాయించారు. ప్రపంచ మతాలన్నింటి పట్ల పరస్పర గౌరవం పెంపొందించడం సమాజశాస్త్ర లక్ష్యాల్లో ఒకటిగా పేర్కొన్నారు. ఏ మతానికి సంబంధించిన బోధనకూ ప్రత్యేకమైన గంట మాత్రం లేదు.

ఇంగ్లీషు పాలకులు నెలకొల్పిన పద్ధతితో పోల్చి చూస్తే దీని ప్రాముఖ్యం తెలుస్తుంది. 1835లో ఇంగ్లీషు విద్యకు ప్రభుత్వ ధనం మళ్లింది. 1837లో న్యాయస్థానాల నుండి ఫార్సీ తొలగింది. 1844 నుండి ప్రభుత్వోద్యోగాల్లో ఇంగ్లీషు చదివిన వారికి ప్రాధాన్యం లభించింది. ప్రమాణం ఒక్కసారిగా మారిపోయింది. పాత కొలతల ప్రకారం పండితులైన వారు కొత్త కొలతలో నిరక్షరాస్యులతో సమానమయ్యారు. ఈ దెబ్బ ముస్లిం కుటుంబాలపై ఎక్కువగా పడింది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ జీవితమంతా ఈ నష్టాన్ని పూడ్చడానికే వెచ్చించారు. కనుక విద్యా ప్రమాణం మారుతుందన్న మాట వింటేనే ముస్లిం సముదాయం ఉలిక్కిపడడంలో ఆశ్చర్యం లేదు. ఒకసారి చేయి కాల్చుకున్న జ్ఞాపకం వారిది.

అభ్యంతరాలు

1938లో హరిపురా కాంగ్రెసు మహాసభ ఈ పథకాన్ని ఆమోదించింది. అంతటితో వివాదం ముదిరింది. ముస్లిం లీగు నియమించిన పీర్పూర్ కమిటీ 1938 చివర వెలువరించిన నివేదికలోనూ, అనేక సభలలోనూ, పత్రికల్లోనూ వెల్లడైన అభ్యంతరాలను మూడు తరగతులుగా విభజించవచ్చు.

మొదటిది మత విద్యకు సంబంధించినది. ముస్లిం బాలుడు మక్తబ్‌లో అక్షరాలతో పాటే దివ్య ఖుర్ఆన్ పారాయణం నేర్చుకునేవాడు. రోజుకు ఐదున్నర గంటలు, ఏడేళ్లపాటు పిల్లవాడు నిర్బంధంగా సర్కారు బడిలోనే ఉంటే, దీనీ విద్యకు మిగిలే సమయమెంత అన్నది తల్లిదండ్రుల ప్రశ్న. గాంధీజీ దీనికి సమాధానం చెప్పారు. ఆనాడు మతాలను బోధిస్తున్న, ఆచరిస్తున్న తీరు ఐకమత్యానికి బదులు కలహానికి దారితీస్తున్నదని, అందుకే వాటిని వదిలిపెట్టామని, అన్ని మతాలకు సమానమైన సత్యాలను మాత్రం పిల్లలందరికీ నేర్పాలని ఆయన అభిప్రాయం. సదుద్దేశంతో చెప్పిన మాటే ఇది. అయితే విమర్శకుల సందేహం అక్కడే మొదలయింది. అన్ని మతాల సారం ఫలానా అని తేల్చేది ఎవరు? విశ్వాసాన్ని, ఆరాధనను, ధర్మశాస్త్రాన్ని పక్కనపెట్టి నీతిని మాత్రమే వడకట్టి ఇస్తే అది ఇస్లాం అవుతుందా?

రెండవది ఆదర్శాలకు సంబంధించినది. అహింస ఒక రాజకీయ పక్షం స్వీకరించిన సిద్ధాంతం. దాన్ని దేశంలోని పిల్లలందరికీ పాఠంగా చెప్పడం న్యాయం కాదని విమర్శకులు వాదించారు. చదువుతో పాటు ఒక పార్టీ దృక్పథాన్ని కూడా పిల్లల మనసుల్లో ముద్రిస్తున్నారని వారి ఆరోపణ.

మూడవది భాషకు, పేర్లకు సంబంధించినది. మధ్య పరగణాల్లో రవిశంకర్ శుక్లా ప్రభుత్వం 'విద్యా మందిర్' అనే వేరొక పథకాన్ని ప్రారంభించింది. వార్ధా పథకం, విద్యా మందిర్ పథకం ఒకటి కావు. కాని ప్రజల దృష్టిలో రెండూ కలిసిపోయాయి. 'మందిర్' అనే పేరే అక్కడి ముస్లిములకు పెద్ద అభ్యంతరమయింది. తెలుగు పాఠకునికి ఇది వింతగా తోచవచ్చు. తెలుగులో మందిరమంటే భవనమనే అర్థం కూడా ఉంది. మసీదును 'ప్రార్థనా మందిరం' అని రాయడం తెలుగు పత్రికలకు మామూలే. కాని ఉర్దూ మాట్లాడే ముస్లిం చెవికి మందిర్ అంటే దేవాలయం మాత్రమే. ఒక భాషలో నిరపాయమైన మాట మరో భాషలో గుండెల్లో గుచ్చుకోవచ్చు. రాజధానిలో కూర్చుని అందరి కోసం పేర్లు పెట్టేవారు సాధారణంగా మరచిపోయే విషయమిదే.

భాషా విషయంలో ఆందోళన ముస్లిములకే పరిమితం కాలేదు. ఆంధ్ర జిల్లాలు కూడా చేరి ఉన్న మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1938లో 125 ఉన్నత పాఠశాలల్లో హిందూస్తానీని నిర్బంధ విషయంగా ప్రవేశపెట్టగా, తమిళ ప్రాంతాల్లో పెద్ద ఉద్యమమే లేచింది. 1940లో ఆ నిర్బంధాన్ని తొలగించారు. ఉత్తరాదిన ఉర్దూ పోతుందని ముస్లిములు, దక్షిణాదిన తమ భాష వెనకబడుతుందని తమిళులు ఒకే కాలంలో భయపడ్డారు. 'మాతృభాషలో విద్య' అన్న మాట కూడా పైకి కనిపించినంత తేలిక కాదు. తెలుగు నేలపై ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే ముస్లిములున్నారు, తెలుగే మాట్లాడే ముస్లిములూ ఉన్నారు. మతాన్ని బట్టి ఒకరి మాతృభాషను నిర్ణయించడం ఎంత పొరపాటో, రాష్ట్రాన్ని బట్టి నిర్ణయించడమూ అంతే పొరపాటు.

ఉభయ పక్షాల లోపాలు

ఈ అభ్యంతరాలన్నీ న్యాయమైనవేనా? కావు. పథకంలో లేనిదాన్ని ఉన్నట్టుగా చెప్పిన ప్రచారమూ ఆ రోజుల్లో జరిగింది. మాతృభాషా బోధన వల్ల ఉర్దూ పిల్లలకు కలిగే మేలును విమర్శకులు తక్కువ చేసి చూశారు. ఉర్దూలో ఉన్నత విద్య సాధ్యమేనని హైదరాబాదులో 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాని అనువాద శాఖ అప్పటికే రుజువు చేశాయి. అయితే తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే ప్రజలే అధిక సంఖ్యాకులైన ఆ సంస్థానంలో వారి పిల్లలకు అది మాతృభాషా విద్య కాలేదన్నదీ సత్యమే. ఇతరుల వల్ల తమకు జరిగిన అన్యాయాన్ని లెక్కపెట్టేవారు తమ పాలనలో ఇతరులకు కలిగిన ఇబ్బందిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

విమర్శకుల మరో లోపం ఆలస్యం. ప్రత్యామ్నాయ ప్రణాళిక అవసరమని గుర్తించిన అఖిల భారత ముస్లిం విద్యా మహాసభ, హైదరాబాదుకు చెందిన నవాబ్ కమాల్ యార్ జంగ్ అధ్యక్షతన ఒక కమిటీని నియమించింది. దాని నివేదిక 1942లో వెలువడింది. కాంగ్రెసు మంత్రివర్గాలు 1939లోనే రాజీనామా చేశాయి. చర్చ జరగవలసిన వేళ ప్రణాళిక లేదు; ప్రణాళిక వచ్చిన వేళ చర్చించడానికి చట్టసభలు లేవు. వద్దనడానికి ఒక తీర్మానం చాలు. కావలసినదేమిటో చెప్పడానికి ఏళ్ల తరబడి శ్రమ కావాలి.

పథక నిర్మాతల లోపం మరో రకమైనది. సంఘంలో ఇద్దరు ముస్లిం విద్యావేత్తలు ఉన్నారు గనుక ముస్లిముల సమ్మతి లభించినట్టేనని వారు భావించారు. జాకిర్ హుసేన్ పాండిత్యాన్ని, నిజాయితీని శంకించగలవారెవరూ లేరు. కాని పండితుని సమ్మతి వేరు, ఊళ్లోని తల్లిదండ్రుల సమ్మతి వేరు. మక్తబ్ మౌల్వీని, పల్లెటూరి పెద్దను పిలిచి 'మీ పిల్లలకు ఏమి కావాలి?' అని ముందుగా అడిగి ఉంటే, దీనీ విద్యకు ఏదో ఒక వేళ కేటాయించడం అసాధ్యమయ్యేది కాదు. అభ్యంతరాలు చెలరేగిన తర్వాత ఇచ్చిన వివరణలను ఎవరూ చెవిన పెట్టలేదు.

జాకిర్ హుసేన్ రెండు వైపుల నుండీ నలిగిపోయారు. 1946 నవంబరులో జామియా రజతోత్సవ వేదికపై నెహ్రూ, ఆజాద్, జిన్నా, లియాఖత్ అలీలను ఒకచోట కూర్చోబెట్టి, దేశంలో రగులుతున్న మంటను ఆర్పమని, పిల్లల చదువు సాగాలంటే ముందు మనుషులు మనుషులుగా మిగలాలని ఆయన వేడుకున్నారు. అప్పటికే ఆలస్యమయింది.

లేనివారికే పరిమితమైన ప్రమాణం

స్వాతంత్ర్యానంతరం 'బేసిక్ విద్య' పేరుతో ఈ పథకం కొన్నేళ్లు నడిచి క్రమంగా వాడిపోయింది. దాని పతనానికి మతం కారణం కాదు. పట్టణాల్లో ఉన్నవారి పిల్లలు ఇంగ్లీషు బడులకు వెళుతుండగా, తకిలీ, రాట్నం పల్లెటూరి పేదపిల్లలకే మిగిలాయి. మంత్రులు, అధికారులు తమ పిల్లల్ని పంపని బడిని పేద తండ్రి ఎలా నమ్ముతాడు? జాతీయమన్న పేరు పెట్టినంత మాత్రాన ప్రమాణం జాతీయం కాదు. అందరికీ వర్తించినప్పుడే అది ప్రమాణం. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఈ సంగతిని గుర్తించి, ధనిక-పేద తేడా లేకుండా ఇరుగుపొరుగు పిల్లలందరూ కలిసి చదివే ఉమ్మడి పాఠశాలలను సిఫారసు చేసింది. ఆ సిఫారసు కాగితం మీదనే ఉండిపోయింది.

రాజ్యాంగం చెప్పిన సమాధానం

1937 నాటి ప్రశ్నలకు రాజ్యాంగం ఒక్కొక్కటిగా సమాధానం చెప్పింది. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండరాదని 28వ అధికరణ నిర్దేశించింది. సహాయం పొందే సంస్థల్లోనూ విద్యార్థి లేదా సంరక్షకుని అంగీకారం లేకుండా మతబోధలో పాల్గొనమని నిర్బంధించరాదన్నది. తమ ఇష్టానుసారం విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకునే హక్కును 30వ అధికరణ అల్పసంఖ్యాకులకు ఇచ్చింది. 1956లో చేరిన 350ఎ అధికరణ భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన కల్పించమని రాష్ట్రాలను ఆదేశించింది.

ఇక ప్రమాణాల విషయం. 1961లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి ఏర్పడింది. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా విద్య రాష్ట్ర జాబితా నుండి ఉమ్మడి జాబితాకు మారింది. 1986 జాతీయ విద్యా విధానం దేశమంతటికీ ఒక ఉమ్మడి పాఠ్యాంశ కేంద్రాన్ని ప్రతిపాదించింది. 2009 విద్యాహక్కు చట్టం బడిలో ఉండవలసిన గదులు, ఉపాధ్యాయుల సంఖ్య మొదలైనవాటికి కనీస ప్రమాణాలు విధించింది. 2012 సవరణ మదరసాలను, వేద పాఠశాలలను ఆ చట్టం నుండి మినహాయించింది. ఉత్తరప్రదేశ్ మదరసా విద్యా చట్టాన్ని అలహాబాదు హైకోర్టు 2024 మార్చిలో కొట్టివేయగా, అదే ఏడాది నవంబరు 5న సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. చదువు నాణ్యత కోసం ప్రభుత్వం ప్రమాణాలు నిర్ణయించవచ్చుననీ, ఆ పేరుతో సంస్థ అల్పసంఖ్యాక స్వభావాన్ని మాత్రం చెరపరాదనీ ఆ తీర్పు సారాంశం. ఉన్నత విద్యకు చెందిన ఫాజిల్, కామిల్ పట్టాల విషయంలో మాత్రం ఆ చట్టం చెల్లదన్నది.

కొలబద్ద అవసరమని, అచ్చు అవసరం లేదని ఈ తీర్పును బట్టి గ్రహించవచ్చు. పదేళ్ల పిల్లవాడు తప్పులు లేకుండా చదవగలగాలి, లెక్క చేయగలగాలి, ప్రకృతి నియమాలు తెలుసుకోవాలి అనడం కొలబద్ద. ఇది హిందువుకు, ముస్లిముకు, క్రైస్తవునికి ఒకటే. పిల్లలందరూ ఒకే గతాన్ని ఒకే కంటితో చూడాలి, ఒకే ఆదర్శ పురుషుణ్ణి కొలవాలి అనడం అచ్చు. కొలబద్దను కాదన్నవాడు తన పిల్లలకే ద్రోహం చేస్తాడు. అచ్చును విధించేవాడు ఇతరుల పిల్లలకు ద్రోహం చేస్తాడు.

కొలబద్దకు భయపడవలసిన పని ముస్లిములకు లేదు. బద్ర్ యుద్ధ ఖైదీల్లో అక్షరాస్యులైన వారు ఒక్కొక్కరు పదిమంది మదీనా పిల్లలకు చదవడం, రాయడం నేర్పితే అదే వారికి విమోచన మూల్యంగా మహాప్రవక్త (స) నిర్ణయించారని సీరా గ్రంథాలు తెలుపుతున్నాయి. గురువులు విశ్వాసులు కారు. అయినా నేర్చిన అక్షరాలు విశ్వాసులవే అయ్యాయి. ముస్లిం పిల్లల్లో మదరసాలకు వెళ్లేవారు నూటికి నలుగురికి మించరని 2006లో సచార్ కమిటీ వెల్లడించింది. మిగిలినవారికి సంబంధించినంత వరకు సాధారణ పాఠశాలల ప్రమాణమే వారి భవిష్యత్తు.

అయితే కొలిచేవాని బాధ్యత కూడా ఉంది. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించి కొలిచేవారిని దివ్య ఖుర్ఆన్‌లోని ముతఫ్ఫిఫీన్ సూరా తీవ్రంగా హెచ్చరించింది. అది వర్తకులకు మాత్రమే చెప్పిన మాట కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉర్దూ మాధ్యమ బడుల్లో ఉపాధ్యాయుల పోస్టులు భర్తీ కాక మిగిలిపోవడం పలుమార్లు చర్చకు వచ్చింది. ఉపాధ్యాయుణ్ణి, పుస్తకాన్ని తక్కువగా కొలిచి ఇచ్చి, పరీక్షలో మాత్రం అందరితో సమానంగా నిండుగా కొలుచుకోవడం న్యాయమైన తూకం కాదు. పరీక్ష ఒకటే అయినప్పుడు పాఠమూ ఒకటే కావాలి. ఆ సమానత్వాన్ని కోరడం ముస్లిముల హక్కు. తమ ఆధీనంలోని మక్తబ్‌లలోనూ, పాఠశాలల్లోనూ అదే నిండు కొలతను పాటించడం వారి విధి. 1937లో హక్కు గురించి గొంతెత్తినవారు చాలామంది. విధి గురించి మాట్లాడినవారు కొద్దిమంది. ఆ కొద్దిమంది జామియా వంటి సంస్థను నిలబెట్టారు. అది నేటికీ నిలిచి ఉంది.